ఉగ్గుగిన్నె నుంచి నీళ్ళలో కరిగే బిళ్ళ దాకా



ఎవరైనా మొహం చిట్లిస్తే, "ఏవిటలా ఆముదం తాగిన మొహం పెట్టావ్?" అంటాం కదూ! ఆ మాట ఊరికే పుట్టలేదు. వెనకటి ఇళ్ళలో పిల్లవాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ఒకరు చేతులు పట్టుకుంటే మరొకరు ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో ఆముదం పోసేవారు. లోపలికి పోయిందెంతో, కక్కిందెంతో ఆ పైవాడికే తెలియాలి. మందు మంచిదైతే చాలదు, అది పసివాడి గొంతు దిగాలి. ఈ చిక్కు విప్పడానికి లోకం ఏయే దారులు తొక్కిందో, అందుకు ఎంత మూల్యం చెల్లించిందో ఇవాళ చెప్పుకుందాం.

అందరికీ ముందు తట్టే దారి తీపి. 1937లో అమెరికాలో అదే జరిగింది. అప్పటికి సల్ఫనిలమైడ్ అనే మందు గొంతునొప్పికీ, చీము పట్టే జబ్బులకీ బాగా పనిచేస్తోంది. బిళ్ళలుగా, పొడిగా దొరికేది. తాగే మందు కావాలని జనం అడిగారు. అది నీళ్ళలో సరిగా కరగదు. అంచేత ఒక కంపెనీ దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్ అనే తియ్యటి ద్రవంలో కరిగించి, రాస్ప్‌బెర్రీ పండు రుచి కలిపి అమ్మింది. రంగు చూశారు, రుచి చూశారు, వాసన చూశారు. విషమా కాదా అన్నది మాత్రం చూడలేదు! చూడాలని ఆనాటి చట్టమూ అడగలేదు. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. తల్సా పట్నంలో ఆరేళ్ళ కూతుర్ని పోగొట్టుకున్న ఒక తల్లి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు బిడ్డ ఫొటోతో సహా ఉత్తరం రాసింది. ఇంకే తల్లికీ ఈ గతి పట్టకుండా చూడమని వేడుకుంది. మరుసటి ఏడు, 1938లో, అమ్మే ముందు మందు క్షేమమని రుజువు చెయ్యాలన్న చట్టం వచ్చింది.

అంతటితో ఆ విషం పీడ వదిలిందా అంటే, లేదు. 2022లో గాంబియా దేశంలో 60 మందికి పైగా పసివాళ్ళు చనిపోయినప్పుడు, వాళ్ళు తాగిన సిరప్పుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు కనిపించింది ఈ జాతి విషమే. ఆ సిరప్పులు మన దేశంలో తయారైనవి.

తీపితో ఇంకో తంటా ఉంది. 1940లలో అమెరికాలో నారింజ రుచిగల చిన్న ఆస్పిరిన్ బిళ్ళలు వచ్చాయి. పిల్లలు మారాం చెయ్యకుండా తినేశారు. తల్లులు సంతోషించారు. కాని పిల్లలు సీసా ఎక్కడుందో వెతికి, మిఠాయి అనుకుని గుప్పెళ్ళతో తిన్నారు! ఎందరో ప్రాణాలమీదికి తెచ్చుకున్నారు. చివరికి 1970లో, పిల్లలు సులువుగా తియ్యలేని మూతలు పెట్టాలని అక్కడ చట్టం చేశారు. నొక్కి తిప్పితేగాని రాని మూతను చూసి విసుక్కుంటాం గాని, దాని వెనకున్న కథ ఇదీ.

తీపి చేసిన మేలు కూడా చెప్పాలి. సోవియట్ దేశంలో చుమకోవ్ అనే శాస్త్రవేత్త పోలియో టీకా మందును మిఠాయి బిళ్ళల్లో పెట్టి లక్షలాది పిల్లలకు తినిపించాడు. 1960లలో అమెరికాలో చక్కెర ముక్కమీద చుక్క వేసి ఇచ్చారు. చక్కెర ముక్క నమలలేని చంటిబిడ్డకు చుక్కలే సుఖం. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియోలో వేసిన ఆ రెండు చుక్కలే 2014లో మనకు పోలియో లేని దేశమన్న పేరు తెచ్చాయి.

ఇక అసలు వింత వినండి. పసివాళ్ళకు బిళ్ళ పనికిరాదు, సిరప్పే పొయ్యాలని మనమంతా అనుకుంటాం. 2013లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ వైద్యులు 300 మందికి పైగా చిన్నపిల్లలకు 2 మిల్లీమీటర్ల బుల్లి బిళ్ళలూ, తియ్యటి పాకమూ ఇచ్చి చూశారు. అందులో ఆరునెలల పసివాళ్ళు కూడా ఉన్నారు. పాకంకన్నా బుల్లి బిళ్ళనే పిల్లలు బాగా పుచ్చుకున్నారు! తీపికన్నా పరిమాణం ముఖ్యమన్నమాట. చెంచాడు పాకం నోరంతా నిండుతుంది, ఉమ్మెయ్యడం తేలిక.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2008 నుంచి పిల్లలకు నీళ్ళలో కరిగే బిళ్ళలే మేలంటోంది. సీసా మోత లేదు, బిళ్ళకింత అని మోతాదు తప్పదు. విరేచనాలకు ఉప్పు-పంచదార నీళ్ళ పొట్లంతోపాటు ఇచ్చే జింకు బిళ్ళ అలాంటిదే. చెంచాడు నీళ్ళలోనో, తల్లిపాలలోనో వేస్తే కరిగిపోతుంది.

అంచేత అమ్మలూ, ఈసారి డాక్టరుగారి దగ్గర, "మావాడు సిరప్పు కక్కేస్తాడండీ, ఇదే మందు ఇంకో రూపంలో ఉందా?" అని మొహమాటపడకుండా అడగండి. పెద్దవాళ్ళ బిళ్ళను మీ అంతట మీరు నలిపి వెయ్యకండి. నలిపితే కొన్ని మందుల గుణమే మారిపోతుంది. సిరప్పును సీసాతో వచ్చిన కొలతతోనే పొయ్యండి, వంటింటి చెంచాతో వద్దు. ముక్కు మూసి పొయ్యకండి, పొరపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, "చాక్లెట్ రా నాన్నా" అని మందు తినిపించకండి. "ఇది మందు, చేదుగా ఉంటుంది, జ్వరం తగ్గుతుంది" అని నిజమే చెప్పండి. కాస్త పేచీ పెడతాడు, పెట్టనివ్వండి. మీరు లేనప్పుడు ఆ సీసా వాడి చేతికి చిక్కితే, వాణ్ణి కాపాడేది మీరు చెప్పిన ఆ నిజమే.