ఏడాదికి వంద మంది

ఉప్పుటేరుకు ఇవతల బంటుమిల్లి, అవతల భీమవరం. ఆ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. అప్పటికి ఎనిమిది నెలల కిందటే, థింద్ కేసులో, భారతీయులు పౌరసత్వానికి పనికిరారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. మరుసటి ఏడాది వచ్చిన వలస చట్టం ఆసియా వాళ్లకు తలుపు మూసింది. 1940లో విదేశీయులంతా వేలిముద్రలు వేసి పేరు నమోదు చేయించుకోవాలన్నారు. ఫోలిక్ ఆమ్లం తయారీకి దారి చూపిన మహానుభావుడు ఆ దేశం లెక్కలో పరాయివాడే.

1946 జులైలో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక భారతీయులకు పౌరసత్వ అర్హత దక్కింది. దాంతోపాటు కోటా కింద ఏడాదికి వంద మందికి స్థిరనివాసం. దేశం మొత్తానికీ వందే! మన బంటుమిల్లి వైపు పెళ్లిలో మొదటి బంతికే అంతమంది కూర్చుంటారు. సుబ్బారావుగారు ఆ పౌరసత్వం తీసుకోకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశారు.

ఆ తర్వాతి కథంతా అమెరికా ప్రభుత్వ వార్షిక పట్టికల్లో కనిపిస్తుంది. 1950ల పదేళ్లలో స్థిరనివాసం పొందిన భారతీయులు రెండు వేలు కూడా లేరు. 1960లలో పద్దెనిమిది వేల పైచిలుకు. 1970లలో ఏకంగా లక్షా నలభై ఏడు వేలు దాటారు. మనవాళ్ల తెలివి ఉన్నట్టుండి పెరగలేదు, చట్టం మారింది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం పాత జాతి కోటాలను ఎత్తేసి, చదువుకూ నైపుణ్యానికీ చోటిచ్చింది. గుంటూరు, విశాఖ మెడికల్ కాలేజీల డాక్టర్లు ఆ దారిన వెళ్లినవాళ్లే. 1977కల్లా ఉత్తర అమెరికా తెలుగు సంఘం, తానా, పుట్టింది.

1990 చట్టం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులను ఏటా 1,40,000గా ఖాయం చేసింది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఏ దేశానికైనా ఏడు శాతమే పరిమితి, అంటే సుమారు 9,800. మిగతా దేశాలు వాడుకోనివి ఉంటేనే అదనం. నాలుగు లక్షల జనం లేని ఐస్‌లాండ్‌కీ, నూట నలభై కోట్ల మనకూ ఒకటే గీత. ఇది న్యాయం కాదు. దరఖాస్తు పెట్టినప్పుడు చంకలో ఉన్న బిడ్డకు ఇరవై ఒకటి నిండుతున్నా కార్డు రాని ఇళ్లున్నాయి.

ఆ వరసలో చోటు పుట్టిన దేశాన్ని బట్టే. అందుకే పుట్టుక కాగితం అంత ముఖ్యం. మంత్రసాని చేతుల మీద ఇంట్లోనే పుట్టినవాళ్ల పేర్లు చాలావరకు రిజిస్టరుకెక్కలేదు. అలాంటివాళ్లు పుట్టుక నమోదు కాలేదని ఊరి నుంచి ధ్రువపత్రం తెప్పించుకోవాలి. దానికి తోడు, ఫలానా రోజున ఫలానా ఊళ్లో ఈ బిడ్డ పుట్టాడని, వీలైతే కన్నతల్లి, లేదంటే సంగతి తెలిసిన దగ్గరి బంధువులు నోటరీ ముందు సంతకం పెట్టాలి. అమెరికా దస్త్రంలోకి మన ఊరి పేరు చేరేది అలాగే.

కానీ గ్రీన్‌కార్డు పట్టికల్లో తెలుగుకు గడి లేదు, ఇండియా ఒక్కటే ఉంటుంది. భాష అడిగేది అక్కడి జనగణన శాఖ. ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు 2017 నాటికి నాలుగు లక్షలు దాటారని, 2010 నుంచి 86 శాతం పెరిగారని ఆ శాఖ సర్వే చెప్పింది. బందరు, గుడివాడ, దివిసీమ నుంచి ఎందరన్నది మాత్రం ఏ పట్టికా చెప్పదు.

ఆ లెక్క మనమే రాసుకోవాలి. 1960లు, 70లలో వెళ్లినవాళ్ల పాస్‌పోర్టులు, ఉత్తరాలు మీ ఇంటి బీరువాలో ఉంటే పారేయకండి. ఎవరు, ఏ ఊరి నుంచి, ఏ ఏడాది వెళ్లారో ఒక నోటు పుస్తకంలో రాసి, ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి.