హుస్సేన్ సాగర్ నీళ్లు తాగిన రోజులు

ఈ మాట చెబితే మన పిల్లలు నవ్వుతారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562లో, హజ్రత్ హుస్సేన్ షా వలీగారి పర్యవేక్షణలో కట్టిన ఆ చెరువే ఒకప్పుడు నగరం దాహం తీర్చింది. తర్వాత ఊరి మురుగు, ఫ్యాక్టరీల మడ్డి అందులోకే వదిలారు. ఇప్పుడు పడవల్లో షికారుకే!

1908 మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, విశ్వేశ్వరయ్యగారి సలహాపై కట్టినవే గండిపేట (1920), హిమాయత్ సాగర్ (1927). వరద ఆపడానికి కట్టినవి మంచినీళ్లూ ఇచ్చాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు కూడదని 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ 69వ జీవో వచ్చింది.

కృష్ణా నీళ్లున్నాయిగా అంటారు కొందరు. అవి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎక్కించి తేవాలి. గండిపేట నీళ్లు పల్లానికి వాటంతటవే పారి వస్తాయి.