పదంటే పది రోజులు

జాకెట్టు కుట్టమని ఇస్తే మా దర్జీ పదిహేను రోజులకి గానీ ఇవ్వడు. ఇంగ్లండులో ఉరిశిక్ష పడ్డవాడు అప్పీలు చేసుకోవడానికి ఒకప్పుడిచ్చిన గడువు పదంటే పది రోజులు!

అంతకుముందు అదీ లేదు లెండి. ఆడవాళ్ళకి మాయమాటలు చెప్పి నగలు కాజేసినవాడు ఇతడేనంటూ, 1896లో అడాల్ఫ్ బెక్ అనే నార్వే దేశస్థుణ్ణి మోసపోయిన స్త్రీలే లండను కోర్టులో చూపించారు. పాపం, వాళ్ళు అబద్ధమాడలేదు, పొరబడ్డారంతే. ఏడేళ్ళ శిక్ష పడింది. నేను కాదు మొర్రో అని ప్రభుత్వానికి అర్జీ మీద అర్జీ పెట్టుకోవడమే గాని, నేరం చేశాడా లేదా అని మళ్ళీ విచారించే పైకోర్టు లేదు. విడుదలయ్యాక 1904లో మళ్ళీ అదే నేరం మోపారు, మళ్ళీ అదే పొరపాటు! శిక్ష చెప్పేలోగా అసలు దొంగ దొరికాడు గనక బతికిపోయాడు.

ముఖ్యంగా ఆ గొడవ వల్లే 1907లో క్రిమినల్ అప్పీలు కోర్టుకి చట్టం వచ్చింది. పది రోజుల గడువు అందులోదే. జైలుశిక్ష పడ్డవాడికైతే గడువు పొడిగించవచ్చు. ఉరిశిక్ష పడ్డవాడికి మాత్రం కుదరదట! ప్రాణం పోయేవాడికే తొందర. 1968 చట్టంలో ఆ పది రోజులు 28 అయ్యాయి.

మన 1963 చట్టం జైలుశిక్ష మీద హైకోర్టుకి వెళ్ళడానికి 60 రోజులిచ్చి, ఉరిశిక్ష మీద 30 రోజులే ఇచ్చింది. ఆలస్యమైతే కారణం చెప్పుకునే వీలు మాత్రం ఇద్దరికీ ఉంచింది.