ప్రెయిరీ పటంలో నీటి జాడ

అమెరికా ఉత్తర భాగం నుండి కెనడా వరకు పరచుకున్న ప్రెయిరీ గడ్డిభూముల్లో లక్షలాది మడుగులున్నాయి. మంచుయుగం చివర, సుమారు 12,000 ఏళ్ల కిందట, కరిగిపోతున్న మంచు పలకలు వదిలిన గుంతలవి. దక్షిణ డకోటా రాష్ట్రంలోని వాబే అనే చిన్న ఊరు ఈ నీళ్ల మధ్యే ఉంది. డకోటా ఆదివాసుల భాషలో ఆ పేరుకు పక్షులు గూళ్లు పెట్టే చోటు అని అర్థం. అక్కడి పటంలో మనం మొదట చదవవలసింది పేర్లనే.

తర్వాత గీతలు. గోధుమ రంగు కాంటూరు రేఖలు నేల ఎత్తును తెలుపుతాయి. చుట్టూ తిరిగి మూసుకున్న రేఖకు లోపలివైపు చిన్న గీట్లుంటే అది గుట్ట కాదు, గుంత. తెగిన నీలి గీత చుట్టిన మడుగులో ఏడాదంతా నీరుండదు. నీలి గడ్డి కుచ్చులు చిత్తడి నేలకు గుర్తు.

వీటన్నిటి మీదా చతురస్రాలు కనిపిస్తాయి. 1785 చట్టం నుండి అక్కడి భూమిని మైలు చదరాలుగా, ఒక్కొక్కటి 640 ఎకరాలుగా కొలిచారు. 1867 ఒప్పందంతో సిస్సెటన్, వాపెటన్ డకోటాలకు లేక్ ట్రావర్స్ రిజర్వేషన్ ఏర్పడింది. 1887 చట్టం తర్వాత ఆ ఉమ్మడి భూమిని మనిషికింత అని ముక్కలు చేశారు. మిగిలినదాన్ని 1892లో బయటివారికి తెరిచారు. ప్రెయిరీలో స్థిరపడిన రైతులు కాలువలు తవ్వి, ఎన్నో మడుగుల నీరు తీసి దున్నారు. పొరుగున ఉన్న అయోవా రాష్ట్రంలో 1980ల నాటికి చిత్తడి నేలల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు పోయాయి.

1990లలో వానలు ఎక్కువయ్యాయి. వాబే చెరువుల నీరు బయటికి పారే దారి లేదు. విడివిడిగా ఉన్న చెరువులు కలిసిపోయాయి. రోడ్లు, పొలాలు మునిగాయి. పాత పటంలో చెరువు గట్టు దాటి పైనున్న కాంటూరు రేఖ వెంట వేలు నడిపితే, నీరు పెరిగితే ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది. చతురస్రాలు భూమి అమ్మకానికి గీసినవి. నీరు వాటిని పట్టించుకోలేదు.

మన సర్వే ఆఫ్ ఇండియా పటాల్లోనూ ఎత్తుకు గోధుమ రంగు, నీటికి నీలి రంగే. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఉమ్మడి హక్కు అడిగేటప్పుడు గ్రామం తన హద్దుల పటం చూపాలి. కాబట్టి బడిలో ఈ పటాలు పరిచి, మన గూడెం పేరు సరిగా ఉందా, మన ఊటలు, చెలమలు అందులో ఉన్నాయా అని పిల్లలతో వెతికిద్దాం. లేనివాటిని పెద్దలను అడిగి గుర్తు పెట్టిద్దాం.