గంజాయి బంకలోని సారము

గంజాయి అమృతమని కొందఱును, విషమని కొందఱును వాదించుచుందురు. ఇరుదెఱగులవారును దానిని ఏకపదార్థముగనే తలంతురు. శార్ఙ్గధర సంహితయందు వ్యవాయి ద్రవ్యములకు, అనగా జీర్ణము గాకమునుపే దేహమంతట వ్యాపించువానికి, భంగ ఉదాహరింపబడినది. గుణమును కనిపెట్టిన ఆ చూపు సునిశితమైనదే. కాని వ్యాపించు ఆ వస్తు వెయ్యదియను ప్రశ్న అందు లేదు. పూర్వులు సర్వము నెఱిగియుండిరని చెప్పువారు ఈ భేదమును గమనింపవలెనని మా మనవి.

కలకత్తా వైద్యకళాశాలయందలి ఓషానెస్సీ దొర 1839లో ఈ మందును గూర్చి వ్రాసెను. ఆయన కమలాకాంత విద్యాలంకారుని, మధుసూదన గుప్తుని సాయమున సంస్కృతగ్రంథముల సంగతులు తెలిసికొని, ముందు జంతువులకును, పిదప ధనుర్వాతము మొదలగు వ్యాధులచే బాధపడువారికిని ఇచ్చి చూచెను. మందు సీమకు పోయెను గాని అచట నిలువలేదు. ఒక సీసాలోనిది మైకము గొలుపును. మఱియొక సీసాలోనిది నీళ్లవలె నుండును. సారము చిక్కనిదే మోతాదు నిర్ణయించుట యెట్లు?

నల్లమందునుండి మార్ఫీను 19వ శతాబ్ది తొలినాళ్లలోనే వేఱుపడినది. అది ఆమ్లముతో గలిసి చక్కని స్ఫటికములగును. గంజాయి సారమో, నూనెవంటి జిడ్డు. అదియు ఒంటరిగా నుండదు. ఒకే పోలికగల జ్ఞాతులనేకులతో గూడి యుండును. 1896లో కేంబ్రిడ్జినందు వుడ్, స్పివీ, ఈస్టర్‌ఫీల్డు అనువారు మనదేశపు చరస్సును బట్టీపట్టి చిక్కని యెఱ్ఱనూనెను తీసి, మత్తునకు మూలమదియే యనుకొనిరి. అది మిశ్రమమని పిదప తేలెను. 1899లో అందుండి వేఱుచేసిన యొక పదార్థమునకు కానబినాల్ అను పేరు నిలిచినది. తీరా చూడగా అది అసలు సారము గాలి తగిలి మాఱిన రూపము! పాలకై వెదకి విఱిగినపాలు పట్టుకొన్నట్లయ్యెను. అయినను వారిని ఎగతాళి చేయుట తగదు. త్రోవ చూపినవారు వారే.

1940లో అమెరికాయందు రాజర్ ఆడమ్స్ మినెసోటా ప్రాంతపు అడవి గంజాయినుండి కానబిడయాల్‌ను రాబట్టెను. దానికి మత్తు లేదు. మత్తు గొలుపు టెట్రాహైడ్రోకానబినాల్ శుద్ధరూపమున దొరకి, దాని నిర్మాణము తేలుట 1964లో. ఇస్రాయేలునందలి రెహోవోతులో మెషూలమ్, గవోనీ అనువారు పోలీసులు పట్టుకొన్న 5 కిలోగ్రాముల హషీషును తెచ్చుకొని పనికి పూనుకొనిరి. పొడి నింపిన గాజుగొట్టముపై సారమును పోసి, ద్రావకముతో మెల్లగా దింపగా, ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క వేగమున దిగివచ్చెను. అయినను నూనె నూనెయే. దానిని మఱియొక పదార్థముతో గలిపి స్ఫటికముగ మార్చి, కడిగి శుద్ధిచేసి, ఆ పొత్తు విడదీసి మరల సారమునే పొందిరి. ఈ యుపాయము మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. పట్టుచిక్కనివానికి పిడి తగిలించి పట్టుకొని, పిదప పిడిని ఊడదీసినట్లున్నది.

అదే యేట వారే కానబిజెరాల్ అనుదానిని గూడ వేఱుచేసిరి. ఇది యరుదగుటకు కారణము గలదు. పచ్చిమొక్కయందు ఈ పదార్థములు చాలవఱకు ఆమ్లరూపముననే యుండును, కాచినపుడు మాఱును. కానబిజెరాల్ యొక్క ఆమ్లమే తల్లి. మొక్క దానిని తక్కిన ఆమ్లములుగ మార్చివేయుటచే తల్లి కొంచెమే మిగులును.

2019లో ఇటలీ శాస్త్రజ్ఞులు మఱియొక జ్ఞాతిని కనుగొనిరి. పాతదాని తోకయందు 5 కర్బన పరమాణువులుండగా దీనియందు 7. ప్రయోగశాలలో కణగ్రాహకమును పట్టుటలో ఇది పాతదానికంటె సుమారు 30 రెట్లు బలమైనదని చూపిరి. గ్రాము పూవులో అది 29 మైక్రోగ్రాములు మాత్రమే. ఆ పూవులు ఫ్లారెన్సునందలి యొక సైనిక ఔషధశాల యిచ్చినవి.