కరీంనగర్ వెండితీగ: చేయి నేర్చే చదువు

కరీంనగర్ వెండితీగ పనికి పుట్టిల్లు ఎలగందుల అంటారు. 1905లో జిల్లా కేంద్రం అక్కడి నుంచి కరీంనగర్‌కు మారింది. అత్తరుదానులు, తమలపాకుల పెట్టెలతో పేరుపొందిన ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుర్తింపు పేరును కాపాడుతుంది, పనిని కాపాడేది మాత్రం నేర్పే పద్ధతే. వెండిని కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగి సన్నం చేయడం, రెండు తీగలు మెలిపెట్టి చదును చేయడం, చట్రంలో సుడులుగా అమర్చడం: కొత్తగా చేరినవారు నగకంటే ముందు తీగను తెలుసుకోవాలి.

తీగను యంత్రమే లాగగలిగినప్పుడు ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే, లాగడం యంత్రానికి వదిలేయవచ్చు కూడా. కానీ అసలు పరీక్ష అతుకు దగ్గరుంది. వెలిగారం కలిపిన టంకం పొడి చల్లి వేడిచేసినప్పుడు టంకం కరగాలి, వెండి కరగకూడదు. మందమైన చట్రం నెమ్మదిగా వేడెక్కుతుంది, సన్నని సుడి క్షణంలో ముద్దవుతుంది. మంటను ఎప్పుడు తప్పించాలో తీగతో రోజులు గడిపిన చేతికే తెలుస్తుంది. అందుకే కొత్తవారికి డిజైన్ల పుస్తకంకంటే ముందు కావలసింది పనివాడి పక్కన చోటు, నేర్చుకునే కాలానికి కూలి.