చెరువు కింద పని, గేటు లోపల పని

కుతుబ్‌షాహీల కాలం నుంచి మా ఇబ్రహీంపట్నానికి అన్నం పెట్టింది పెద్ద చెరువు. తూము విప్పేది నీరటి. కోతలయ్యాక కల్లం కాడికే పోయి తన వంతు గింజలు కొలిపించుకునేవాడు. గుంటెడు పొలం లేకున్నా ఊళ్లో అతనికో పని, ఆ పనికో హక్కు ఉండేవి.

తర్వాత పారిశ్రామిక పార్కులొచ్చాయి. ఆదిబట్లలో 2018 మార్చి 1న టాటా–బోయింగ్ కర్మాగారం మొదలైంది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారయ్యేది అక్కడే. 2022లో కొంగర కలాన్‌కు కలెక్టరేటు వచ్చింది. మరుసటేడు మే 15న అదే ఊళ్లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. నేను వీటిని వద్దనను. తెల్లారకముందే మెడలో కార్డు, చేతిలో టిఫిన్ డబ్బాతో షిఫ్టు బస్సెక్కే ఆడపిల్లలను చూస్తే నాకు సంతోషమే. వాళ్ల తల్లులు వంగి నాట్లేసినవాళ్లు.

కానీ భూమి పోయినవాళ్ల సంగతి వేరు. మా చిన్నాయన రెండెకరాలు పోగొట్టుకుని ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరిండు. కార్డు మీద ఉండేది కంపెనీ పేరు కాదు, కాంట్రాక్టు ఏజెన్సీ పేరు. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త కార్డు, మళ్లీ మొదటి నెల జీతం. పాత పట్టాదారు పాసుబుక్కు కవర్లో ఇప్పుడు అలాంటి కార్డులు మూడున్నాయి. పరిహారం డబ్బు బిడ్డ పెండ్లికి, ఇంటి స్లాబుకు సరిపోయింది. పక్కనే కట్టిన రెండు రూముల్లో ఒడిశా పిల్లలు కిరాయికుంటున్నారు. వాళ్లదీ కాంట్రాక్టు పనే.

యాచారం వైపు వాళ్లు ఇదంతా చూసే భయపడ్డారు. ప్రభుత్వం ఫార్మాసిటీకి భూములు అడిగితే మేడిపల్లి, కుర్మిద్ద రైతులు కోర్టుకెక్కారు. 2023లో హైకోర్టు ఆ రెండూళ్ల భూసేకరణ అవార్డులను కొట్టేసింది. కొందరు వాళ్లను అభివృద్ధికి అడ్డమన్నారు. ఆ మాట అన్యాయం. వాళ్లు అడిగింది చట్టప్రకారం నడవమనే.

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు ఏం చెబుతుందో మనూళ్లలో చాలామందికి తెలియదు. ప్రాజెక్టులో ఉద్యోగాలు పుడితే ప్రతి ప్రభావిత కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2 వేలు. ఇది భూమి పరిహారానికి అదనం.

రేపు ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీ పేరుతో అధికారులు మీ ఊరికొస్తే, ఎకరం ధరతో పాటు ఈ షెడ్యూలు గురించీ అడగండి. ఉద్యోగమిస్తామంటే ఏ కంపెనీలో, ఎవరి పేరు మీద ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. సంతకం ఆ తర్వాతే.